పాత చెయిన్‌సా పది నిమిషాలకే ఆగిపోతోంది: లోపం ఎక్కడ వెతకాలి?

ఉద్దానం రైతు (కవిటి):

సభ్యులకు నమస్కారం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా తోటలో ఒరిగిపోయిన కొబ్బరి చెట్లను తీయించడానికి మెషీను ఉన్నవాళ్ల చుట్టూ మూడు వారాలు తిరిగాను. సొంతానికి ఒక చెయిన్‌సా ఉండాలన్న కోరిక అప్పటిది. పోయిన నెల బరంపురంలో ఒకాయన దగ్గర 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బారు ఉన్న పాత మెషీను ఆరు వేలకు దొరికితే తెచ్చుకున్నాను. కంపెనీ పేరున్న స్టిక్కరు ఎప్పుడో చెరిగిపోయింది.

ఉదయం పూట చోక్ వేసి నాలుగైదు సార్లు తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. రేసు ఇస్తే వెంటనే అందుకుంటుంది, జీడిమామిడి కొమ్మలను ఆడుతూ పాడుతూ కోస్తుంది. పది పన్నెండు నిమిషాలు గడిచాక మాత్రం కోత మధ్యలో ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత లాగినా ఒకటి రెండు సార్లు దగ్గి ఊరుకుంటుంది. అరగంట పక్కన పెట్టి మళ్లీ మొదలుపెడితే ఏమీ జరగనట్టు నడుస్తుంది, మళ్లీ పది నిమిషాలకు అదే వరస. కొత్త ప్లగ్ వేశాను, ఎయిర్ ఫిల్టరును సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాను, కార్బురేటరు పక్కనున్న రెండు స్క్రూలను అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ మార్పూ లేదు. మా ఊరి మెకానిక్ కాయిల్ (ప్లగ్‌కు నిప్పు అందించే భాగం) పోయిందంటున్నారు. కొనే ముందు మీ సలహా కోరుతున్నాను.

కోనసీమ కొబ్బరి (అంబాజీపేట):

మీ మెకానిక్ చెప్పిందే సరి అని నా అభిప్రాయం. చల్లగా ఉంటే నడవడం, వేడెక్కితే ఆగడం, చల్లారితే మళ్లీ నడవడం కాయిల్ లక్షణాలే. లోపలి చుట్టలో సన్నని తీగ తెగి ఉంటే, చల్లగా ఉన్నంతసేపు ఆ కొసలు తాకుతూ ఉంటాయి, వేడికి సాగగానే విడిపోతాయి. మా మెషీనుకు రెండేళ్ల క్రితం అచ్చం ఇలాగే జరిగింది. కొత్త కాయిల్ బిగించేటప్పుడు ఫ్లైవీల్ మీది అయస్కాంతానికీ కాయిల్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు పట్టేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్ల, సందు ఉంచండి.

ఇంకొక మాట. పాత ఇంజను కాబట్టి లీటరు పెట్రోలుకు 60 మిల్లీలీటర్ల ఆయిల్ కలపండి. నూనె కాస్త ఎక్కువైతే నష్టమేమీ లేదు.

పాత గ్యారేజీ (విజయవాడ):

కాయిల్ కావచ్చు, కాకపోవచ్చు. డబ్బు పెట్టే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఈసారి మెషీను ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, ప్లగ్ విప్పి చూడండి. కొస తడిసి పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు అందుతోంది, నిప్పు అందడం లేదు. పొడిగా ఉంటే నిప్పు సంగతి తర్వాత, ముందు పెట్రోలు రావడం లేదు. అదే సమయంలో ప్లగ్‌ను టోపీకి పెట్టి, దాని లోహపు భాగాన్ని సిలిండరు రెక్కలకు ఆనించి, నీడలో తాడు లాగి చూడండి. వేడి మీద కూడా నీలి నిప్పురవ్వ టపటపా వస్తుంటే కాయిల్ మీద నింద వేయనక్కరలేదు. ప్లగ్ తీసిన రంధ్రానికి మాత్రం దూరంగా పట్టుకోండి, అందులోంచి చిమ్మే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. నిప్పు రాకపోయినా వెంటనే కాయిల్ కొనకండి. ఆఫ్ స్విచ్ నుంచి కాయిల్‌కు వెళ్లే సన్నని వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతోందేమో చూడండి. సగం కాయిళ్లు ఈ వైరు చేసిన నేరానికే చెత్తబుట్టలో పడుతున్నాయి.

కోనసీమ మిత్రులు చెప్పిన నూనె లెక్కతో నేను ఏకీభవించలేను. ఈ రకం 58 సీసీ మెషీన్లకు సాధారణంగా చెప్పేది 25కు 1 పాళ్లు, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. కార్బురేటరు రంధ్రం గుండా వెళ్లేది పెట్రోలు, నూనె కలిసిన ద్రవం. అందులో నూనె వాటా పెంచితే పెట్రోలు వాటా తగ్గుతుంది, ఇంజనుకు అందే మిశ్రమం ఇంకా పలచబడుతుంది. కాపాడుతున్నామనుకుని ఆకలికి మాడుస్తున్నామన్నమాట. పైగా సైలెన్సరులో మసి పేరుకుంటుంది. నూనె కూడా డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అన్న నాణ్యత గుర్తు ఉన్న టూ స్ట్రోక్ నూనె అయి ఉండాలి. నాలుగు స్ట్రోకుల బండికి పోసే ఇంజను ఆయిల్ దీనికి పనికిరాదు.

చివరగా, ఆ రెండు స్క్రూలను ఎంత తిప్పారో మీకే తెలియదు కనుక ఒక్కొక్కటి వేళ్ల బలంతో మెల్లగా చివరికి బిగించి, అక్కడి నుంచి ఒక పూర్తి చుట్టు వెనక్కి వదలండి. చాలా కార్బురేటర్లకు అది సురక్షితమైన మొదలు. గట్టిగా బిగిస్తే సూది మొన చెడి, తర్వాత ఎంత తిప్పినా మాట వినదు.

జామాయిల్ తోట (సత్తుపల్లి):

నేను రెండు అనుమానాలు కలుపుతాను. మొదటిది ట్యాంకు గాలి రంధ్రం. పెట్రోలు తగ్గినకొద్దీ బయటి గాలి లోపలికి రావాలి. ఆ దారి రంపపు పొట్టుతో మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, కార్బురేటరు ఎంత పీల్చినా చుక్క రాదు. ఆగిన వెంటనే మూత కొద్దిగా వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, ఆపై మెషీను స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. రెండవది సైలెన్సరు నోటి దగ్గరి సన్నని జాలీ. అది మసితో పూడుకుపోతే పొగ బయటికి పోలేక ఇంజను నీరసపడి ఆగుతుంది. జాలీని విప్పి మంట మీద ఎర్రగా కాలిస్తే మసి రాలిపోతుంది.

ఇవేవీ కాకపోతే కార్బురేటరు మొత్తం మార్చేయండి. ఈ మెషీన్లకు కొత్తది చవకగానే దొరుకుతుంది, పాతదాన్ని విప్పి లోపలి రబ్బరు భాగాల కిట్ వేసే ఓపిక నాకైతే లేదు.

ఉద్దానం రైతు (కవిటి):

అందరికీ ధన్యవాదాలు. నిన్న మధ్యాహ్నం అన్నీ వరుసగా చూశాను. మెషీను ఆగిన వెంటనే ప్లగ్ తీస్తే పూర్తిగా పొడిగా ఉంది, కొస తెల్లబడి సున్నం రాసినట్టుంది. నిప్పురవ్వ బ్రహ్మాండంగా వస్తోంది. మూత వదులు చేస్తే ఉస్సుమన్న శబ్దం రాలేదు, వదులు చేశాక కూడా స్టార్ట్ కాలేదు. సైలెన్సరు జాలీ నిజంగానే మూడొంతులు మూసుకుపోయి ఉంది. కాల్చి శుభ్రం చేశాను, బలం కొంచెం పెరిగింది, ఆగడం మాత్రం మానలేదు.

నిన్న ఒక విషయం గమనించాను, ముందు చెప్పడం మరిచిపోయాను. ఆగే ముందు రెండు మూడు క్షణాల పాటు నేను రేసు పెంచకుండానే శబ్దం దానంతటదే పైకి లేస్తోంది, కీచుమంటూ వెళ్లి ఠక్కున ఆగిపోతోంది.

పాత గ్యారేజీ (విజయవాడ):

మీరు మరిచిపోయినదే అసలు సాక్ష్యం. దీపం ఆరే ముందు పెద్దగా వెలిగినట్టు, పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన టూ స్ట్రోక్ ఇంజను ఆగే ముందు వేగం పుంజుకుంటుంది. తెల్లబడిన ప్లగ్ కూడా అదే చెబుతోంది. కాయిల్ పోతే శబ్దం పైకి లేవదు, స్విచ్ నొక్కినట్టు తెగిపోతుంది. కాబట్టి కాయిల్‌ను నిర్దోషిగా వదిలేయవచ్చు.

లోపం దొరికేదాకా దయచేసి ఈ మెషీనుతో చెట్టు కోయకండి. ఈ ఇంజనుకు నూనె వచ్చేది పెట్రోలుతోనే కనుక పెట్రోలు తగ్గిన ప్రతిసారీ నూనె కూడా తగ్గుతుంది, పిస్టన్ సిలిండరును గీరుకుంటూ తిరుగుతుంది. ఇప్పటికే ఎంత గీరుకుందో తెలుసుకోవడం కష్టం కాదు. సైలెన్సరు బోల్టులు విప్పి పక్కకు తీస్తే పొగ వెళ్లే రంధ్రంలోంచి పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. తాడు మెల్లగా లాగుతూ టార్చి వేసి చూడండి. నునుపుగా మెరుస్తుంటే మీ ఆరు వేలూ బతికినట్టు. నిలువునా గాట్లుంటే పిస్టన్, రింగులు, బహుశా సిలిండరు కూడా మార్చాలి, అప్పుడు ఈ మెషీను మీద పెట్టే ప్రతి రూపాయినీ రెండుసార్లు ఆలోచించాలి. అలాగే మెషీనును స్టార్టర్ పిడి పట్టుకుని గాలిలో వేలాడదీయండి. కంప్రెషన్ ఉంటే మెట్లు దిగినట్టు ఆగి ఆగి కిందికి జారుతుంది, లేకపోతే బావిలో చేద వదిలినట్టు ఒక్కసారిగా దిగిపోతుంది.

ఇక అదనపు గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది ప్రశ్న. కార్బురేటరుకూ సిలిండరుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలి ఉండవచ్చు, దాని ప్యాకింగ్ దెబ్బతిని ఉండవచ్చు, క్రాంకు సీళ్లు (ఇంజను ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) పోయి ఉండవచ్చు, కార్బురేటరులో పెట్రోలును తోడే పలచని పొర, అంటే డయాఫ్రం, అట్టముక్కలా గట్టిపడి ఉండవచ్చు. ఆ రబ్బరు గొట్టం మీద కార్బురేటరు క్లీనరు చల్లి శబ్దం మారుతుందా అని చూసే పద్ధతి ఒకటుంది. చాలామంది చేస్తారు, వేడి సైలెన్సరు పక్కనే మండే ద్రవం చల్లడం నాకు నచ్చదు.

షార్లెట్ తెలుగు (నార్త్ కరోలినా):

2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను తర్వాత మా రాష్ట్రంలోనూ ఇళ్ల ముందు పడిన చెట్లు కోయడానికి పాత మెషీన్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నేనూ అప్పుడే ఒకటి కొన్నాను. డయాఫ్రం గట్టిపడి ఆగిపోయేది. ఇక్కడి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది లేని పెట్రోలు కొన్ని బంకుల్లో దొరుకుతుంది, చెయిన్‌సా కోసమే నూనె కలిపి డబ్బాల్లో అమ్మే ఇంధనమూ ఉంది. వీలైతే అలాంటిది వాడండి.

జామాయిల్ తోట (సత్తుపల్లి):

షార్లెట్ గారూ, మంచి సలహాయే కానీ మా బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు, మా మండలంలో మరొకటి దొరకదు. అందుకని నేను రెండు వారాలకు సరిపోయే దానికంటే ఎక్కువ కలపను. పని అయ్యాక ట్యాంకు వంపేసి, మిగిలిన చుక్కలతో ఇంజను దానంతటదే ఆగేదాకా నడుపుతాను. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. సముద్రపు గాలి తగిలే ఉద్దానంలో ఈ జాగ్రత్త మాకంటే మీకే ఎక్కువ అవసరం.

బందరు బోటు (మచిలీపట్నం):

నాకు చెయిన్‌సా అనుభవం లేదు. బోటుకు టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను ఉంది కాబట్టి ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. ఉద్దానం రైతు గారిని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. మెషీను ఆగాక మీరు అరగంట పక్కన పెడుతున్నారు కదా, ఆ విరామంలో ట్యాంకులో పెట్రోలు నింపుతున్నారా?

ఎందుకంటే, ఒకసారి మా ఇంజను ఒడ్డు నుంచి బాగానే బయలుదేరి, ట్యాంకు సగమయ్యేసరికి దమ్ము తీసేది. వేడికి ఆగుతోందనుకుని అందరం ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపును అనుమానించాం. చివరికి చూస్తే, ట్యాంకు లోపల పెట్రోలు పీల్చే గొట్టానికి సగం ఎత్తులో చీలిక ఉంది. పెట్రోలు ఆ చీలికను ముంచి ఉన్నంతసేపు అది పీల్చేది పెట్రోలే, మట్టం కిందికి దిగాక పీల్చేది గాలి.

ఉద్దానం రైతు (కవిటి):

బందరు బోటు గారూ, మీ ప్రశ్న చదవగానే నా తల నేనే కొట్టుకున్నాను. అవును, ప్రతిసారీ నింపుతున్నాను. విరామంలో చేసే పని అదే కదా! చల్లారడం వల్ల నడుస్తోందని నేను అనుకున్నది, నింపడం వల్ల నడుస్తోందేమో అన్న ఆలోచనే నాకు రాలేదు.

ముందు గ్యారేజీ గారు చెప్పినట్టు సైలెన్సరు తీసి చూశాను. పిస్టన్ మీద ఒక మూల రెండు సన్నని గీతలున్నాయి, గోరు పెట్టి రాస్తే తగలడం లేదు. వేలాడదీస్తే ఆగి ఆగి దిగింది. ఆ ధైర్యంతో ఒక్కసారికి మాత్రం మెషీనును నడిపి, ఆగగానే చల్లారనివ్వకుండా, చేతికి గ్లౌజు వేసుకుని ట్యాంకు నిండా పోశాను. చోక్ వేసి రెండవసారి లాగేసరికి స్టార్ట్ అయింది! ఇంజను కాలిపోతున్నంత వేడిగా ఉంది, అయినా నడిచింది.

ఆ తర్వాత దాన్ని ఆపి, ట్యాంకు వంపేసి, వంచిన ఇనుప తీగతో పెట్రోలు పీల్చే పైపును, దాని కొసనున్న ఫిల్టరుతో సహా, మూతి దాకా లాగాను. పైపు ఉడికిన సేమ్యాలా మెత్తబడి, వేలికి జిగురుగా అంటుకుంది. పైనుంచి చూస్తే చీలిక ఎక్కడా లేదు. ట్యాంకు గోడలోంచి లోపలికి దిగే చోటు నుంచి బొటనవేలంత దూరంలో దాన్ని వంచి పట్టుకుంటే మాత్రం చిన్న చేప నోరు తెరిచినట్టు పగులు విచ్చుకుంది. వదిలితే మూసుకుంటోంది. సైకిలు ట్యూబుకు పంక్చరు వెతికినట్టు ఒక కొస మూసి, రెండో కొసలోంచి ఊది, నీళ్ల గిన్నెలో ముంచాను. బుడగలు గొలుసులా వచ్చాయి.

ఇప్పుడు ఏ పైపు వేయాలి? ఇంట్లో అక్వేరియానికి వాడే పారదర్శకమైన పైపు ఉంది, కొలత సరిపోయేలా కనిపిస్తోంది.

పాత గ్యారేజీ (విజయవాడ):

బందరు మిత్రులకు అభినందనలు. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉండి నేను అడగవలసిన ప్రశ్న ఆయన అడిగారు.

అక్వేరియం పైపు వేయకండి. అది పెట్రోలులో నాని, కొద్ది రోజుల్లోనే గట్టిపడి పెళుసుగా విరుగుతుంది, మీరు మళ్లీ ఇదే చర్చలోకి వస్తారు. విడిభాగాల దుకాణంలో పాత పైపు ముక్క చూపించి, పెట్రోలుకు తట్టుకునే రకమే అడిగి తీసుకోండి. ట్యాంకు గోడలో పైపు దూరే చోట రబ్బరు బుష్ ఉంటే దాన్ని కూడా మార్చండి. కొత్త పైపు కొసను కలం మొనలా వాలుగా కోసి, దాని మీద ఒక చుక్క టూ స్ట్రోక్ నూనె రాసి బయటి నుంచి దూర్చి, లోపలి నుంచి మూతి గుండా పట్టి లాగండి. బయటికి వచ్చాక ఆ వాలు ముక్కను తీసేసి ఫిల్టరు తొడగండి. పొడవు విషయంలో తొందరపడవద్దు. మెషీనును ఏ పక్కకు వాల్చినా ఫిల్టరు ట్యాంకు అడుగు మూలకు జారేంత ఉండాలి, మడత పడేంత ఉండకూడదు. ఫిల్టరు కూడా కొత్తది వేయండి, పాతదానిలో కరిగిన రబ్బరు చేరి ఉంటుంది.

ఆ కరిగిన రబ్బరు కార్బురేటరు దాకా వెళ్లి ఉండవచ్చు కాబట్టి, పంపు వైపు మూత ఒక్క స్క్రూతో విప్పి, లోపల గోరంత ఉండే జాలీని పెట్రోలుతో కడగండి. డయాఫ్రం ప్లాస్టిక్ కవరులా మెత్తగా వంగుతుంటే అలాగే ఉంచండి, గలగలమంటే కిట్ వేయండి. కార్బురేటరు మొత్తం మార్చమన్న సత్తుపల్లి మిత్రులతో నాకు గొడవ లేదు, ఈ కేసులో కొత్త కార్బురేటరు కూడా ఆ చీలిక పైపులోంచి గాలే తాగేది.

బిగించాక ట్యూనింగ్. ఇంజను వేడెక్కాక, చెక్క తగలకుండా పూర్తి రేసు ఇచ్చినప్పుడు శబ్దం కొంచెం గరగరలాడాలి, దుంగలోకి దిగగానే ఆ గరగర పోయి నునుపుగా రావాలి. గాలిలోనే నునుపుగా కీచుమంటుంటే హెచ్ స్క్రూను (ఆ రెండింటిలో పూర్తి రేసులో పెట్రోలు పాళ్లు సరిచేసేది) ఎడమకు ఎనిమిదో వంతు చుట్టు విప్పండి. బరువు పెట్టినా గరగర పోకపోతే అంతే కుడికి తిప్పండి.

కోనసీమ కొబ్బరి (అంబాజీపేట):

కాయిల్ గురించి నా ఊహ తప్పింది, ఒప్పుకుంటున్నాను. నూనె కూడా ఈ వారం నుంచి 40కి తగ్గిస్తున్నాను. ఊరికే ఉండలేక కొబ్బరి సంగతి ఒకటి చెబుతాను. కొబ్బరి మొద్దు పీచు చెయిన్ తిరిగే పళ్ల చక్రం చుట్టూ, మూత లోపల, తాడు పేనినట్టు చుట్టుకుంటుంది. చెట్టుకొకసారి మూత విప్పి లాగేయకపోతే మెషీను బరువెక్కి ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ కార్బురేటరును తిడతాం. చెయిన్ మొద్దుబారితే పొట్టు రేకులుగా రాదు, పిండిలా రాలుతుంది. మీ బారుకు సాధారణంగా పడేది 0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరపు కొలత) ఉన్న చెయిన్, దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి వాడండి.

ఉద్దానం రైతు (కవిటి):

పైపు, ఫిల్టరు, బుష్ మూడూ మార్చాను. కార్బురేటరు జాలీ మీద నల్లటి జిగురు పొర నిజంగానే ఉంది, కడిగాను. డయాఫ్రం మెత్తగానే ఉంది. నిన్న ట్యాంకు నిండా పోసి, చివరి చుక్క దాకా ఆపకుండా నడిపాను. నాలుగు పాత కొబ్బరి మొద్దులు కోశాను, మెషీనును పక్కకు వాల్చి కోసినా ఆగలేదు. ఈ ఉదయం ప్లగ్ తీసి చూస్తే కాఫీ పొడి రంగుకు తిరిగింది. కోనసీమ గారు చెప్పిన పీచు మాత్రం గుప్పెడు వచ్చింది.

ఒక చిన్న చిక్కు మిగిలింది. రేసు వదిలేసినా చెయిన్ మెల్లగా తిరుగుతూనే ఉంటోంది.

పాత గ్యారేజీ (విజయవాడ):

అది చిన్న చిక్కు కాదు, ఆ మెషీనును చేతపట్టుకుని తోటలో నడవకండి. పాత పైపుతో పలచగా నడిచే రోజుల్లో ఆగిపోకుండా ఉండాలని ఎవరో స్లో స్పీడు స్క్రూను పెంచి ఉంటారు. దాన్ని ఎడమకు కొద్దికొద్దిగా తిప్పండి, ఇంజను నడుస్తూ చెయిన్ నిలిచిపోవాలి. ఎంత తగ్గించినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు సాగిపోయినట్టు, మార్చాలి.

ఉద్దానం రైతు (కవిటి):

ముప్పావు చుట్టు తిప్పేసరికి చెయిన్ నిలిచింది. ఇంజను ఆగలేదు.